డ్రమ్మర్‌కు వేగమే కొలమానమా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్రపంచ ప్రసిద్ధ డ్రమ్మర్ల గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ లేఖ రాస్తున్నాను. తాళవాద్యకారుల మీద పేజీ నిండా వ్యాసం రావడమే అరుదు కనుక ముందుగా మీకు అభినందనలు. అయితే అందులో ఒక్కొక్క కళాకారుణ్ణీ పరిచయం చేసిన తీరు చూస్తే, సెకనుకు ఎన్ని దెబ్బలు వేయగలరు, చుట్టూ ఎన్ని డ్రమ్ములు పేర్చుకుంటారు, ఏకబిగిన ఎన్ని నిమిషాలు వాయించగలరు అన్న మూడు సంగతులు తప్ప ఆ విద్యలో చెప్పుకోదగినది మరేమీ లేదన్న అభిప్రాయం పాఠకుడికి కలుగుతుంది. గాయకుడి గురించి రాసేటప్పుడు ఆయన ఎంత గట్టిగా పాడగలరో, ఎంతసేపు ఊపిరి బిగబట్టగలరో చెప్పి ఊరుకోము కదా! గొంతులోని జీవం గురించి, పలుకు స్పష్టత గురించి, పాటను ఎత్తుకున్న తీరు గురించి, ముగించిన తీరు గురించి రాస్తాము. శ్రుతిని తల్లి అనీ లయను తండ్రి అనీ చిన్నప్పటి నుంచి వల్లిస్తూ వచ్చిన మనం, లయ చూసుకునే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన్ను వ్యాయామశాలలో కొలిచినట్టు కొలుస్తున్నాము. నాకు ఇష్టమైన కొందరు డ్రమ్మర్లను ముందుపెట్టుకుని, వాయింపు సంగీతంగా మారేది ఎక్కడో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

డ్రమ్స్ అని మనం పిలుస్తున్నది నిజానికి కొన్ని వాద్యాల కూటమి. సైనిక బాండ్లలో పెద్ద డ్రమ్మును ఒకరు, చిన్న డ్రమ్మును ఒకరు, తాళాలను ఇంకొకరు వాయించేవారు. కాలితో తొక్కి పెద్ద డ్రమ్మును మోగించే పెడల్‌కు విలియం లుడ్విగ్ 1909లో అమెరికాలో పేటెంట్ పొందారు. 1920ల చివరికల్లా ఎడమ కాలి కింద మూసుకుని తెరుచుకునే జంట తాళాలు, అంటే హైహ్యాట్, వచ్చి చేరాయి. అలా ముగ్గురి పని ఒక్కరి నాలుగు అవయవాల మీద పడింది. దీనివల్ల ఖర్చు తగ్గిందన్న సంగతి అటుంచితే, సంగీతపరంగా జరిగిన మార్పు చాలా పెద్దది. ఏ క్షణంలో ఏది మోగాలి, ఏది ఎంత మెల్లగా మోగాలి, ఏది అసలు మోగకూడదు అన్న నిర్ణయాలన్నీ ఒకే మనిషి చెవికి, ఒకే మనిషి మనసుకు వదిలేశారు. ఈ కారణం చేతనే డ్రమ్మర్ చేసే పని దెబ్బలు కొట్టడం కన్నా వాద్యగోష్ఠిని కూర్చడానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

జాజ్ చరిత్రలో ఇందుకు గట్టి సాక్ష్యం దొరుకుతుంది. తొలినాళ్ల డ్రమ్మర్లు నాలుగు మాత్రలనూ పెద్ద డ్రమ్ము మీద మోదుతూ బృందాన్ని నడిపించేవారు. 1930లలో కౌంట్ బేసీ బృందంలో వాయించిన జో జోన్స్ ఆ నడకను హైహ్యాట్ మీదికి తెచ్చారు. తరువాత 1940ల తొలి సంవత్సరాలలో న్యూయార్క్‌లోని మింటన్స్ క్లబ్బులో వాయిస్తుండిన కెన్నీ క్లార్క్ దాన్ని మరింత పైకి, రైడ్ సింబల్ అనే వేలాడే తాళం మీదికి తీసుకెళ్లి, పెద్ద డ్రమ్మును, స్నేర్ అనే చిన్న డ్రమ్మును అప్పుడప్పుడూ సోలో వాద్యకారుడికి ఊతమిచ్చే మాటలుగా మాత్రమే వాడారు. ఈ మార్పులో వేగం ప్రసక్తి ఎక్కడా లేదు. మారినది కాలాన్ని చెప్పే ధ్వని. గుమ్మటంలా మోగే కింది శబ్దం తగ్గేసరికి బాస్ వాద్యం స్వరాలు మొదటిసారి స్పష్టంగా వినిపించాయి, బృందమంతా తేలికపడింది, బాకా ఊదేవారికి కొత్త చోటు దొరికింది. డ్రమ్మర్ కాలం చెప్పే పనిని ఒక తోలు మీది నుంచి ఒక లోహం మీదికి మార్చుకున్నందుకు ఒక సంగీత శైలి రూపురేఖలే మారాయి. ఆ రోజుల్లో ఎవరైనా క్లార్క్ దెబ్బలను లెక్కపెట్టి ఉంటే, ఆయన చేసిన గొప్ప పనిలో ఒక్క పాలు కూడా ఆ లెక్కలోకి వచ్చి ఉండేది కాదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఒకే ఒక్క దెబ్బను తీసుకుందాము. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్ మొదటి రచనలో, బాస్ అడిగే ప్రశ్నకు బాకాలు రెండు స్వరాలతో జవాబిచ్చే పల్లవి ముగిసి, డేవిస్ ట్రంపెట్ ఎత్తుకునే చోట, డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్‌ను ఒక్కసారి మోగిస్తారు. అంతవరకూ అణిగి ఉన్న వాయింపులోంచి అది చటుక్కున లేస్తుంది. లేచిన తరువాత కాబ్ దాన్ని చేత్తో పట్టి ఆపరు. ట్రంపెట్ మొదటి పలుకుల వెనక ఆ మోత మెల్లగా కరుగుతూ ఉంటుంది, అది కరిగే లోపల రైడ్ సింబల్ నడక నిలదొక్కుకుంటుంది. ఏ కుర్రవాడైనా కొట్టగల దెబ్బే అది. కానీ ఆ చోట, అంత బలంతో, అంతసేపు మోగేలా కొట్టాలని తోచడమే విద్య. ఆ రికార్డులో వాయించిన ఏడుగురిలో చివరిదాకా మిగిలిన వ్యక్తి కాబ్. 2020లో ఆయన కన్నుమూశారు. మీ వ్యాసంలో ఆయన పేరు లేదు. వేగాన్ని కొలమానంగా పెట్టుకున్న ఏ జాబితాలోనూ ఆయనకు చోటు దక్కదు.

డ్రమ్స్ మీద రాగం పలకదు కాబట్టి అది అసంపూర్ణ వాద్యమని వాదించేవారున్నారు. వారికి జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ వాయింపు వినమని చెబుతాను. ఆయన సోలోలు పాట నిర్మాణాన్ని విడిచి పోవు. పాటలో ఎన్ని ఆవృతాలు, అంటే తాళం చుట్లు, ఉన్నాయో, చరణం ఎక్కడ మారుతుందో మనసులో పాడుకుంటూ వాయించినట్టే ఉంటుంది, వినేవాడు పాటను లోలోపల అనుకుంటూ దాని వెంట నడిచి వెళ్లవచ్చు. 1966లో ఆయన వెలువరించిన ‘డ్రమ్స్ అన్‌లిమిటెడ్’ ఆల్బమ్‌లో మరే వాద్యమూ లేకుండా డ్రమ్స్ మీద మాత్రమే కూర్చిన రచనలున్నాయి. వాటిలో ఒకదానిలో రెండు కాళ్లూ మూడు మాత్రల నడకను మొదటి నుంచి చివరిదాకా చెదరకుండా పట్టుకుని ఉంటే, చేతులు ఆ నడక మీద ఒక చిన్న మాటను ఎత్తుకుని, తిప్పి, సాగదీసి, సగంలో ఆపి, మళ్లీ అందుకుంటాయి. హెచ్చు ధ్వని డ్రమ్ముకూ తగ్గు ధ్వని డ్రమ్ముకూ మధ్య ఉన్న ఎడమే అక్కడ స్వరాల పని చేస్తుంది. రెండు మూడు సార్లు విన్నవారు దాన్ని కూనిరాగం తీయగలరు, అనుమానం ఉంటే ప్రయత్నించి చూడవచ్చు.

స్వరం సంగతి వచ్చింది కనుక మన వాద్యాల మాట ఎత్తకుండా ఉండలేను. మామూలు గుండ్రటి తోలును కొడితే పుట్టే ధ్వనులు ఒకదానితో ఒకటి పొసగవు. మూలధ్వనికి పైన వచ్చే తొలి ధ్వని దానికి ఇంచుమించు 1.59 రెట్లుంటుంది, ఆ పైవి 2.14, 2.30 రెట్లు. అందుకే సాధారణ డ్రమ్ము ధ్వనిలో ఫలానా స్వరమని పట్టుకోవడానికి వీలు చిక్కదు. మృదంగం కుడి మూత మీద, తబలా మీద నడుమ వేసే నల్లటి పూత ఈ లెక్కను మార్చేస్తుంది. ఆ పూత బరువు వల్ల పై ధ్వనులు మూలధ్వనికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల దగ్గరికి వచ్చి చేరతాయి, అంటే తీగ వాద్యం పలికినట్టే తోలు పలుకుతుంది. సర్ సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి, తిరిగి 1934లో విపులంగా, దీన్ని శాస్త్రీయంగా నిరూపించారు. పేరు తెలియని ఏ పనివారో ఎన్నో తరాలుగా చెవితో సరిచూసుకుంటూ సాధించిన ఫలితమది. తాళవాద్యం కేవలం మోత అనుకుంటే, తంబురా శ్రుతికి కలిసేదాకా మృదంగం అంచును రాయితో అంత ఓపికగా సరిచేసుకోవలసిన అవసరమే ఉండేది కాదు.

అయినా శ్రుతి కలిసినంత మాత్రాన పని అయిపోదు. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అంటించి, మణికట్టు ఒత్తిడితో ధ్వనిని కిందికీ పైకీ జార్చే ‘గుంకి’ అనే పలుకులో పళని సుబ్రహ్మణ్య పిళ్ళై (1908–1962) గారికి సాటి లేరని పెద్దలు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆయనది ఎడమచేతి వాటం. ఆయన సమకాలికులైన పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) గారు 1966లో సంగీత కళానిధి గౌరవం పొందిన తొలి మృదంగ విద్వాంసులు. లెక్కల ప్రౌఢిమలో ఆయనను మించినవారు అరుదు. అయినా ఆయన కీర్తనకు వాయించిన తీరునే రసికులు ముందు తలచుకుంటారు. గాయకుడు పాడే సంగతి (ఒకే పాదాన్ని మార్చి పాడే తీరు) మారినప్పుడు వాయింపు కూడా మారుతుంది, సాహిత్యం నిలిచినచోట మృదంగమూ నిలుస్తుంది. కొన్ని చోట్ల చేతులు పూర్తిగా ఆగిపోతాయి, ఆ నిశ్శబ్దంలో గాయకుడి స్వరం ఒంటరిగా వెలిగి, తిరిగి మృదంగం అందుకునేసరికి పాట బరువు పెరిగినట్టు అనిపిస్తుంది. మైకు వాడకాన్ని ఆయన వ్యతిరేకించిన కారణం కూడా నాకు ఇక్కడే అర్థమవుతుంది. వేలి కొసతో చేసే సన్నపు పలుకుకూ అరచేతి దెబ్బకూ ఉండే దూరాన్ని యంత్రం చెరిపేస్తుంటే, అంత సూక్ష్మంగా వినే మనిషి సహించలేరు. మృదంగం ఒంటరిగా వినిపించే తని ఆవర్తనం మొదలు కాగానే లేచి బయటికి నడిచే శ్రోతల మీద నాకు కోపం ఉన్నమాట నిజమే. కానీ తని ఒక్కటే విని, కీర్తనకు వాయించినది వినకుండా చప్పట్లు కొట్టేవారి మీద అంతకంటే ఎక్కువ కోపం.

ఈ దృష్టితో చూస్తే, తరచుగా చిన్నచూపుకు గురయ్యే బీటిల్స్ బృందం డ్రమ్మర్ రింగో స్టార్ నాకు ఎంతో పెద్ద డ్రమ్మర్. ఆయనదీ ఎడమచేతి వాటమే. కానీ కుడిచేతివారికి అమర్చినట్టే డ్రమ్ములను అమర్చుకుని వాయిస్తారు. అందువల్ల స్నేర్ నుంచి టామ్‌లనే ఇతర డ్రమ్ముల మీదికి వెళ్లేటప్పుడు ఆయన ముందుగా కదిపే చేయి వేరు. ఇతరులు సులువుగా దొర్లించుకుపోయే చోట ఆయన చేయి రవ్వంత తటపటాయించి, ఆ తరువాత పడుతుంది. ఆ చిన్న ఆలస్యమే ఆయన సంతకమైంది. 1960ల చివరి రికార్డింగుల్లో ఆయన డ్రమ్ముల మీద తువ్వాళ్లు కప్పి మోతను తగ్గించి వాయించారు. మోత తగ్గగానే దెబ్బ చిన్నదై, గుండ్రమై, గాయకుడి గొంతు పక్కన ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. సోలోలంటే ఆయనకు గిట్టదు. బీటిల్స్ రికార్డు చేసిన పాటలన్నింటిలో ఆయన సోలో ఒక్కటే ఉంది, 1969 నాటి ‘ది ఎండ్’లో, అదీ మిగిలినవారు పట్టుబడితే వాయించినది, కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఆ బృందంలోనే ఆయన అత్యుత్తమ డ్రమ్మర్ కాదని సహచరుడు జాన్ లెనన్ అన్నట్టుగా ఒక హాస్యోక్తి ప్రచారంలో ఉంది. లెనన్ ఆ మాట అన్నట్టు ఆధారమేదీ లేదు, అది 1980లలో బ్రిటిష్ హాస్య కార్యక్రమాల్లోంచి పుట్టిన చమత్కారమని పరిశోధకులు ఏనాడో తేల్చారు. అయినా అది చావదు. సోలోలు వాయించనివాడికి విద్య రాదని లోకం ముందే నిశ్చయించుకోవడం వల్లనే అది బతుకుతోందని నేను అనుకుంటున్నాను.

రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ (1941–2021) సంగతీ ఇటువంటిదే. వేల మంది కూర్చునే మైదానాలలో కూడా ఆయన ముందు ఉండేది చాలా చిన్న డ్రమ్‌కిట్. పాత వీడియోలలో ఆయన కుడిచేతిని మాత్రమే కాసేపు గమనించమని పాఠకులను కోరుతున్నాను. మామూలు రాక్ నడకలో కుడిచేయి హైహ్యాట్ మీద ఎనిమిది దెబ్బలు వరసగా వేస్తూ ఉంటుంది, రెండవ, నాలుగవ మాత్రల దగ్గర ఎడమచేయి స్నేర్ మీద పడుతుంది. ఆ రెండు చోట్లా వాట్స్ కుడిచేయి హైహ్యాట్‌ను తాకకుండా పైకి లేచి, ఒక దెబ్బ వదిలి, మళ్లీ దిగుతుంది. ఫలితంగా స్నేర్ దెబ్బ మరే ధ్వనీ అంటకుండా ఒంటరిగా వినిపిస్తుంది, దాని వెనువెంటనే ఇంత ఖాళీ ఏర్పడి నడకకు ఒక ఊగు వస్తుంది. చేసిన పని ఒక దెబ్బను మానుకోవడం, అంతే. దశాబ్దాల తరబడి ఆ మానుకోవడాన్ని అంత నిలకడగా పాటించడానికి కావలసిన నిగ్రహం ఎంతమందికి ఉంటుంది?

దెబ్బల మధ్య హెచ్చుతగ్గుల గురించి కొంచెం విపులంగా చెప్పక తప్పదు, ఎందుకంటే యంత్రం వాయించినదానికీ మనిషి వాయించినదానికీ తేడా తెలిసేది అక్కడే. గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969 నవంబరులో రికార్డు చేసిన ‘ఫంకీ డ్రమ్మర్’ పాట నడుమ, మిగిలిన వాద్యాలన్నీ ఆగి డ్రమ్స్ మాత్రమే వినిపించే కొన్ని ఆవృతాలున్నాయి. పైపైన వింటే గట్టి స్నేర్ దెబ్బలు నాలుగైదు చోట్ల తెలుస్తాయి. చెవి దగ్గర పెట్టుకుని వింటే, ఆ గట్టి దెబ్బల సందుల్లో కర్ర కొస తోలును తాకీ తాకనట్టు తాకే పలుకులు ఎన్నో ఉన్నాయి. వాటిని వినిపించీ వినిపించని స్థాయిలో ఉంచడమే కష్టం. అవి ఒక్క పిసరు పెరిగితే నడక బరువెక్కిపోతుంది, పూర్తిగా తీసేస్తే ఎండిపోతుంది. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ పేరుతో ప్రసిద్ధమైన షఫుల్ అనే ఊగే నడకలో కూడా ప్రాణం ఈ లోపలి పలుకుల్లోనే ఉంది. టోటో బృందం డ్రమ్మర్ జెఫ్ పోర్కారో (1954–1992) 1982లో ‘రోజానా’ పాటకు వాయించిన నడకను మెచ్చుకోని డ్రమ్మర్ ఉండరు. అందులో పర్డీ షఫుల్ ఎంతో, లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించిన మరో పాట ఎంతో, గాయకుడు బో డిడ్లీ లయ ఎంతో ఆయనే విడదీసి చెప్పి, ఎవరి వాటా వారికి ఇచ్చేశారు. విద్యార్థులు ఆ పాటను చకచకా వాయించేస్తుంటారు. కర్రల కదలిక సరిగ్గానే ఉంటుంది, కానీ ప్రతి దెబ్బా ఒకే ఎత్తులో పడేసరికి ఆ నడక కుంటుతుంది.

అదే పోర్కారో వాయింపును భౌతిక శాస్త్రవేత్తలు కూడా పరీక్షించారు. మైకేల్ మెక్‌డొనాల్డ్ పాడిన 1982 నాటి ఒక పాటలో పోర్కారో ఒంటిచేత్తో హైహ్యాట్ మీద మాత్రకు నాలుగు చొప్పున దెబ్బలను పాట పొడవునా వాయించారు. 2015లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, ఆ దెబ్బల మధ్య ఎడమును, వాటి బలాన్ని ఒక్కొక్కటిగా కొలిచారు. ఆయన గడియారంలా వాయించలేదని తేలింది. అంతకన్నా ముఖ్యమైన విషయమేమంటే, దెబ్బలు ముందువెనకలు కావడం గుడ్డిగా జరిగినది కాదు. ఒక చోట పడ్డ తేడాకూ ఎంతో ముందు పడ్డ తేడాలకూ సంబంధం కనిపించింది. చేయి తాను నడిచిన దారిని గుర్తు పెట్టుకుంటూ నడిచిందన్నమాట. కర్ణాటక సంగీతంలో కాలప్రమాణం చెదరకూడదని గురువులు పట్టుబడతారు. అలా చెప్పే గురువుల వాయింపు కూడా గడియారం ముల్లులా ఉండదు, ఆ నిలకడకు ఊపిరి ఉంటుంది.

1980లో లిన్ యంత్రం, రోలాండ్ వారి 808 అనే డ్రమ్ యంత్రాలు వచ్చిన తరువాత లయ తప్పని దెబ్బలను ఎవరైనా మీట నొక్కి పుట్టించగలిగారు. నేటి రికార్డింగులలో మనిషి వాయించినదాన్ని కూడా కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనూ, కాలాన్ని సమంగా పంచే గీత మీదికి జరిపి సరిచేస్తున్నారు. అలా సరిచేసినది వింటే తప్పు కనబడదు, వాయించిన మనిషి కూడా కనబడడు. అలాగని యంత్రం మీద నాకు పగ లేదు. హిప్‌హాప్ సంగీతకారుడు జె డిల్లా (1974–2006) అటువంటి యంత్రం మీదనే, ఆ గీతలకు లొంగకుండా, దెబ్బలను చేత్తో వెనక్కీ ముందుకూ జరిపి నడకలు కట్టారు. వాటిని అనుకరించడానికి ఇప్పుడు డ్రమ్మర్లు సాధన చేస్తున్నారు. ఆయన వాడిన యంత్రం వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. వినే చెవి ఉంటే మీటలు కూడా వాద్యమే అవుతాయి.

గట్టిగా వాయించేవారంతా మొరటువారని నా ఉద్దేశం కాదు. జాన్ బోనమ్ (1948–1980) చేతి బరువు లోకమంతా ఎరిగినది. లెడ్ జెప్పెలిన్ 1971లో వెలువరించిన ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ పాట కోసం ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో ఆయన డ్రమ్‌కిట్‌ను మెట్ల కింద హాలులో పెట్టి, మైకులను మెట్ల పైన ఎత్తున వేలాడదీశారు. అందువల్ల మైకులకు చేరినది తోలు ఒక్కటే కాదు, ఆ హాలు గోడల నుంచి తిరిగి వచ్చిన గాలి కూడా. ఆ గది ఎంతసేపు మోగుతుందో చెవిన పెట్టుకుని, ఆ మోత చల్లారడానికి చోటిస్తూ ఆయన నెమ్మదిగా వాయించారు. కొద్దిగా తొందరపడితే ఆ ధ్వని అంతా ఒకదాని మీద ఒకటి పడి బురద అయిపోయేది. ఇదే బోనమ్ కచేరీలలో అరగంట దాకా సాగదీసిన సోలోలు నాకు పెద్దగా రుచించవు. ఆయన అభిమానులు క్షమించాలి.

మాటలకు వాయించడంలో లెవాన్ హెల్మ్ (1940–2012) నాకు మరో ఆదర్శం. ‘ది బ్యాండ్’ అనే బృందంలో ఆయన డ్రమ్స్ వాయిస్తూనే పాడేవారు. పాడే మనిషికి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుసు కనుక, ఆ ఊపిరి దగ్గర ఆయన చేతులు అడ్డం రావు. పాదం చివర మాట పూర్తి కాకముందే ఫిల్, అంటే ఖాళీని నింపే చిన్న వాయింపు, అందుకుని గాయకుడి గొంతును తొక్కేసే డ్రమ్మర్లను మనం ఎన్నోసార్లు విన్నాము. హెల్మ్ వాయింపులో ఆ తొందర ఒక్కసారి కూడా కనిపించదు. కరెన్ కార్పెంటర్ కూడా తనను పాడే డ్రమ్మర్‌గానే చెప్పుకునేవారు. లోకానికి ఆమె గొంతు అంతగా నచ్చడంతో ఆమెను డ్రమ్ముల వెనక నుంచి వేదిక ముందుకు తెచ్చి నిలబెట్టారు. అది శ్రోతలకు లాభమో నష్టమో నేను తేల్చుకోలేకపోతున్నాను.

వేగాన్ని తిట్టడం నా పని కాదు. బడ్డీ రిచ్ (1917–1987) చేతులు కదిలిన వేగాన్ని చూసి నోరు తెరవని డ్రమ్మర్ లేడు. అంత వేగంలోనూ ఆయన దెబ్బలు విడివిడిగా, ఒక్కొక్కటీ తన ధ్వనితో వినిపిస్తాయి. టోనీ విలియమ్స్ 1963లో మైల్స్ డేవిస్ బృందంలో చేరినప్పుడు ఆయన వయసు 17 ఏళ్లు. ఆయనకు మహా వేగం ఉంది. ఆ వేగాన్ని ఆయన ఒక్కోసారి రైడ్ సింబల్ మీది చిన్న గుసగుసలోకి కుదించి, హఠాత్తుగా విప్పుతారు. సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ పక్కన ఎల్విన్ జోన్స్ (1927–2004) వాయించినప్పుడు చేతులు, కాళ్లు కలిసి మూడుమూడుగా చుట్టుకుపోతూ ఉంటే, ఒకటవ మాత్ర ఎక్కడుందో కొత్త శ్రోతకు అంతుపట్టదు. కానీ కోల్ట్రేన్‌కు అంతుపట్టింది, ఆయన ఎత్తుకున్న ప్రతి ఆలోచనకూ జోన్స్ దగ్గర జవాబు ఉంది. ఈ ముగ్గురిలోనూ వేగం ఏదో ఒక మాట చెప్పడానికి వాడబడింది. చెప్పడానికి మాట లేని వేగాన్ని మాత్రం పోటీలకు వదిలేయవచ్చు.

ఇక మీ పత్రికను ఉద్దేశించి ఒక విన్నపం. మన పత్రికల్లో కచేరీ సమీక్ష ఎంత పొడవుగా ఉన్నా, తాళవాద్యకారుడి ప్రస్తావన చివరి వాక్యంలో, ఫలానా వారు సహకరించారన్న ఒక్క క్రియతో ముగుస్తుంది. ఆయన ఏ పాటలో ఏం చేశారో, ఎక్కడ ఆగారో, ఎక్కడ గాయకుణ్ణి లేపి నిలబెట్టారో రెండు వాక్యాలు రాయమని సమీక్షకులకు సూచించగలరు. సినిమా పాటల విషయంలో పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంది. ఒక నడక పుట్టుకతోనే శ్రోతల మనసులో నాటుకుపోతుంది, దాన్ని స్టూడియోలో వాయించినది ఎవరో నూటికి తొంభై పాళ్లు ఎవరికీ తెలియదు. ఈ అన్యాయం మనకే పరిమితం కాదు. స్టబుల్‌ఫీల్డ్ వాయించిన ఆ కొన్ని సెకన్లను తరువాతి తరాల హిప్‌హాప్ కళాకారులు కత్తిరించి తమ పాటల్లో అతికించుకున్నారు. అన్నిసార్లు తిరిగి వాడుకున్న డ్రమ్స్ వాయింపులు లోకంలో బహు కొద్ది. ఆ పాటకు రచయితగా ఆయన పేరు నమోదు కాలేదు కనుక, ఆ వాడకాల మీద రాయల్టీ ఆయనకు చేరలేదు. ఆయన 2017లో మరణించారు. డబ్బు లెక్కలు సరిచేయడం పత్రికల వల్ల కాదు గానీ, పేర్ల లెక్క సరిచేయడం మీ చేతిలో ఉంది. పాటల వివరాలు ప్రచురించేటప్పుడు గాయకులు, రచయిత, సంగీత దర్శకుల పేర్ల పక్కనే వాయించినవారి పేర్లు కూడా సేకరించి వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు